విండోస్ మాత్రమే తెలిసినవాళ్లు లినక్స్ ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. విండోస్ తప్ప మరేదీ వాడనివాళ్లు లినక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసుకోవాలా, ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ కాదు, యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చింది) వేసుకోవాలా?

రెండోదాని దగ్గరే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను, కాబట్టి ముందు దాన్ని తేల్చేస్తాను. ఉబుంటు గానీ మింట్ (ఇదీ లినక్సే) గానీ ఏదో ఒకటి వేసుకోండి, ఇక దాని గురించి ఆలోచించకండి. ఫ్రీబీఎస్‌డీ తక్కువదేం కాదు, దాని హ్యాండ్‌బుక్ చదివితే యూనిక్స్ ఎలా పనిచేస్తుందో బాగా తెలుస్తుంది. కాకపోతే అందులో డెస్క్‌టాప్ మామూలుగా మనమే విడిగా పెట్టుకోవాలి. మొదటి రోజే ఆ తలనొప్పి ఎందుకు? 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ పద్ధతులనే 1991లో వచ్చిన లినక్స్ కూడా పాటిస్తుంది. ఉబుంటులో నేర్చుకున్న ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపేది), సీడీ (ఫోల్డర్ మారేది), సీపీ (కాపీ చేసేది) కమాండ్లు రేపు ఫ్రీబీఎస్‌డీలోనూ మ్యాక్‌లోనూ అలాగే పనికొస్తాయి.

ఉన్న విండోస్‌ని మాత్రం చెరిపేయకండి. వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే మరో కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రామ్) పెట్టుకుని అందులో ఇన్‌స్టాల్ చేసుకుంటే, ఏం పాడుచేసినా ముందు తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్‌తో నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. లేదా పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేసి చూడండి. వైఫై, సౌండు మీ మెషీన్లో పనిచేస్తాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది. ఎక్కించేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ తీసుకోండి. డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవడం) సంగతి ఓ నెల తర్వాత చూసుకోవచ్చు.

నన్ను మొదట బెదరగొట్టింది టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) మౌనం. సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) కొట్టాను, పాస్‌వర్డ్ అడిగింది, టైప్ చేస్తుంటే తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు పోయిందనుకుని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను! (కొన్నిటిలో ఇప్పుడు చుక్కలు చూపిస్తున్నారు.) ఫైలు కాపీ చేసినా అంతే, అయిందని చెప్పదు, కాకపోతేనే ఎర్రర్ చూపిస్తుంది. ఏమీ అనకపోతే పని అయినట్టే. జవాబులు కాగితం మీద అచ్చయ్యే టెలిటైప్ మెషీన్ల కాలం నాటి అలవాటు అది.

ఆ మౌనం వల్లే ఒకసారి బాగా దెబ్బతిన్నాను. ఒక ఫోల్డర్‌లో డాట్ టీఎక్స్‌టీ ఫైళ్లు మాత్రమే తీసేయాలి. ఆర్‌ఎం (ఫైళ్లు తీసేసే కమాండ్) అని కొట్టి, ఖాళీ వదిలి, స్టార్ పెట్టి, దాని పక్కనే డాట్ టీఎక్స్‌టీ అని అంటించి రాయాలి. నా వేలు స్టార్ తర్వాత కూడా స్పేస్ కొట్టింది. అంటే "ఇక్కడున్న ఫైళ్లన్నీ తీసేయ్, ఆ తర్వాత డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు కూడా తీసేయ్" అని చెప్పినట్టు. ఒక్క మాట అడగకుండా అన్నీ తీసేసింది. చివర్లో ఒకే ఒక్క ఫిర్యాదు చేసింది: డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు ఇక్కడ లేదట! రీసైకిల్ బిన్ కోసం వెతికాను. ఆర్‌ఎంతో తీసేసినవి అందులోకి వెళ్లవు. నెల రోజుల నోట్సు పోయింది. అప్పటినుంచి స్టార్ వాడాల్సి వస్తే ముందు ఆర్‌ఎం బదులు ఎల్‌ఎస్ పెట్టి కొడతాను. ఏ ఫైళ్లు కనిపిస్తాయో చూసుకుని, పైకి బాణం నొక్కి, ఎల్‌ఎస్‌ని ఆర్‌ఎంగా మారుస్తాను. మీరూ ఈ అలవాటు మొదటి రోజే చేసుకోండి.

మిగతావి వాడుతుంటే వచ్చేస్తాయి. ఫైలు పేరు మొత్తం టైప్ చేయక్కర్లేదు, రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి. పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. సీ డ్రైవ్ కోసం వెతక్కండి, ఫోల్డర్లన్నీ ఒకే స్లాష్ (/) కింద ఉంటాయి. ఏ కమాండ్ గురించైనా మ్యాన్ అని దాని పేరు కొడితే వివరం వస్తుంది, బయటికి రావడానికి క్యూ నొక్కాలి. పొరపాటున వీఐ ఎడిటర్‌లో ఇరుక్కుంటే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ చేయండి. సేవ్ చేయకుండా బయటపడతారు. వీఐ అలవాటయ్యేదాకా నానో అనే తేలికైన ఎడిటర్ వాడుకోండి, దాని షార్ట్‌కట్లు కిందే రాసి ఉంటాయి.

ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తాను. టెర్మినల్లో కాపీ చేయడానికి కంట్రోల్, షిఫ్ట్, సీ మూడూ కలిపి నొక్కాలి. షిఫ్ట్ మర్చిపోతే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది.