మైనస్ 25 చలిలో హీట్ పంపు ఇల్లు వేడి చేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు అమెరికాలో మిన్నియాపొలిస్‌లో ఉంటారు. గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ మండించి ఇల్లు వేడిచేసే పొయ్యి) పాతబడిందని, హీట్ పంపు పెట్టించుకోమని అక్కడి కాంట్రాక్టర్ చెప్పాడట. అది ఏసీ లాంటిదేనట, బయటి గాలిలోంచి వేడి లాగుతుందట. మైనస్ 25 గాలిలో వేడి ఎక్కడుంటుంది? చంటిబిడ్డ ఉన్న ఇల్లు. జనవరిలో మేమూ వెళ్తున్నాం, భయంగా ఉంది.
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: రొయ్యల ప్లాంట్ల కోల్డ్ స్టోరేజీ మీరు చూసే ఉంటారమ్మా. లోపల మైనస్ 18 ఉంటుంది. రోహిణీ కార్తెలో బయట 43 డిగ్రీలు కాస్తున్నా ఆ మెషీన్ లోపలి వేడిని లాగి బయట పారేస్తూనే ఉంటుంది. వెనక కండెన్సర్ దగ్గర ముఖానికి కొట్టే సెగలో ఆ మైనస్ 18 గదిలోంచి వచ్చిన వేడి కూడా ఉంది. అంటే 61 డిగ్రీల తేడాకు ఎదురెక్కి వేడిని మోస్తోంది. మీ అమ్మాయి ఇంట్లో మైనస్ 25 నుంచి 21కి మోయాలి, తేడా 46 డిగ్రీలే. గాలిలో వేడి పూర్తిగా అయిపోయేది మైనస్ 273 దగ్గర. మెషీన్ పైపుల్లో తిరిగే ఆర్-32 గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో సుమారు మైనస్ 52 దగ్గరే మరుగుతుంది కాబట్టి, దాన్ని మరిగించడానికి మైనస్ 25 గాలి చాలు. మరుగుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది, కంప్రెసర్ నొక్కాక ఆ వేడిని ఇంట్లో వదులుతుంది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చలి దేశాల్లోనే ఇవి ఇంటింటా కనిపిస్తాయి.

అయితే చలి పెరిగేకొద్దీ ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది, మెషీన్ ఇచ్చేది తగ్గుతుంది. లెక్క ఇలా చూడండి. మైనస్ 25లో ఇంటికి 10 కిలోవాట్ల వేడి కావాలి, మెషీన్ 7 ఇస్తోంది అనుకుందాం. ఆ చలిలో ఒక యూనిట్ కరెంటుకు 1.8 యూనిట్ల వేడి వస్తే, ఆ 7కి దాదాపు 3.9 కిలోవాట్ల కరెంటు. మిగతా 3 కిలోవాట్లు తోడుగా ఉండే కరెంటు హీటర్ కాయిల్ ఇవ్వాలి. మొత్తం 6.9. వట్టి హీటర్లే అయితే 10 కాలేది. పైగా అంత చలి ఏడాదిలో కొద్ది రోజులే. మిన్నియాపొలిస్‌లో జనవరి సగటు మైనస్ 9 ప్రాంతం, అప్పుడు ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కాంట్రాక్టర్‌ని మీ అల్లుడు గారు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ‘మూడు టన్నుల మెషీన్’ అంటే సరిపోదు, ఎందుకంటే ఆ టన్నులు సాధారణంగా బయట 35 డిగ్రీలున్నప్పుడు చల్లబరిచే శక్తి లెక్క. మైనస్ 15లో ఎంత, మైనస్ 25లో ఎంత అని కంపెనీ పట్టిక చూపించమనాలి. కరెంటు పొదుపు మెషీన్లకు అమెరికాలో ఇచ్చే ఎనర్జీ స్టార్ ‘కోల్డ్ క్లైమేట్’ గుర్తుకు మైనస్ 15లో వాడిన కరెంటుకు కనీసం 1.75 రెట్లు వేడి రావాలి, బయట 8 డిగ్రీలున్నప్పుడు ఇచ్చే వేడిలో 70 శాతమైనా మిగలాలి. ఆ గుర్తు లేనిది వద్దు. ఇంటి వేడి ఎంత కారిపోతోందో లెక్క కట్టకుండా సైజు చెప్పేవాళ్లని నమ్మొద్దు. అటక మీద ఇన్సులేషన్ పలచగా ఉంటే ముందు డబ్బు అక్కడే పెట్టాలి, మెషీన్ సైజే తగ్గవచ్చు. ఫర్నేస్‌కి ఇంకా రెండు మూడేళ్ల ఆయువుంటే, బిడ్డ ఉన్న ఇంట్లో దాన్నే తోడుగా ఉంచుకోవడం మా ఉద్దేశంలో మంచిది. హీటర్ కాయిల్ అయితే పంపుతో కలిసి నడుస్తుంది. ఒకే డక్టు (గాలి గొట్టం) మీదున్న గ్యాస్ ఫర్నేస్ అయితే సాధారణంగా పంపు ఆగాకే వెలుగుతుంది.

మీరు వెళ్లాక వేడిగాలి వచ్చే గ్రిల్ దగ్గర చేయి పెడితే గోరువెచ్చగానే ఉంటుంది. ఫర్నేస్ గాలి 50 డిగ్రీలు దాటుతుంది, దీని గాలి 35-40 మధ్య. చెడిపోయిందనుకుని థర్మోస్టాట్‌లో ‘ఎమర్జెన్సీ హీట్’ నొక్కకండి. పంపు ఆగిపోయి హీటర్లు మాత్రమే నడిచి బిల్లు మోగిపోతుంది. రాత్రి బాగా తగ్గించి పొద్దున పెంచడం కూడా వద్దు, 21 (ఫారన్‌హీట్‌లో 70) పెట్టి వదిలేయండి.

ప్రశ్న: ఒంగోలులో పదేళ్లుగా ఏసీ మెకానిక్‌గా చేస్తున్నాను. కెనడాలో పని దొరికేలా ఉంది. చలి దేశపు మెషీన్లలో కొత్తగా ఏం నేర్చుకోవాలి?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరిక్కడ ఆర్-32 ఏసీలో సక్షన్ (కంప్రెసర్‌లోకి వెళ్లే గ్యాస్ ఒత్తిడి) 120 పీఎస్ఐ చుట్టుపక్కల చూస్తారు. అక్కడ ఔట్‌డోర్ కాయిల్‌లో గ్యాస్ మైనస్ 30 దగ్గర మరుగుతుంటే గేజీ సుమారు 25 చూపిస్తుంది. గ్యాస్ లీకయిందని టాప్-అప్ కొట్టారో, మంచి మెషీన్‌ని చెడగొట్టినట్టే. చలికాలంలో చార్జింగ్ తూకంతోనే: ఉన్న గ్యాస్‌ని సిలిండర్‌లోకి రికవరీ చేసి, ప్లేటు మీద రాసిన గ్రాములు, అదనపు పైపుకు చెప్పిన గ్రాములు కలిపి వేయాలి. గ్యాస్ వేసే ముందు పైపుల్లో వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల (మిగిలిన ఒత్తిడి కొలత) కిందికి దించి, వ్యాక్యూమ్ పంపు ఆపాక అది నిలుస్తోందో లేదో చూడాలి. చలికి పైపుల్లో తేమ త్వరగా ఆవిరి కాదు, మధ్యలో డ్రై నైట్రోజన్ కొట్టి మళ్లీ లాగాల్సి వస్తుంది.

సక్షన్ ఒత్తిడి పడిపోతే గ్యాస్ పలచబడుతుంది. కంప్రెసర్ ఒక చుట్టుకు లాగే గ్రాములు తగ్గుతాయి, డిశ్చార్జి (బయటికి వచ్చే గ్యాస్) వేడి పెరిగి కంప్రెసర్ ఆయిల్ పాడవుతుంది. అందుకే చలి మెషీన్లలో చాలావాటికి కంప్రెషన్ మధ్యలోకి కొంత గ్యాస్ పంపే మూడో పోర్టు ఉంటుంది. దాన్ని వేపర్ ఇంజెక్షన్ అంటారు. ఆ లైను ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఇరుక్కుంటే మామూలు రోజుల్లో తెలియదు, గట్టి చలి రోజున ట్రిప్ అవుతుంది.

మీరు ఎక్కువగా చూడబోయే కంప్లయింట్ మంచు. సున్నాకి అటూ ఇటూ ఉన్న తేమ గాలిలో ఔట్‌డోర్ కాయిల్ తెల్లగా కట్టేస్తుంది. మైనస్ 20లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అంత కట్టదు. ఆ మంచు కరిగించే డీఫ్రాస్ట్‌లో గ్యాస్ దారి మళ్లించే ఫోర్-వే వాల్వ్ తిరుగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, పెట్టెలోంచి పొగలా ఆవిరి లేస్తుంది. కొన్ని నిమిషాల్లో కాయిల్ కరిగి నీళ్లు కిందికి జారతాయి. కస్టమర్లు కాలిపోతోందని ఫోన్ చేస్తారు, ఆపొద్దని చెప్పాలి. ఆ నీళ్లు బయటికి పోకపోతే బేస్ పాన్‌లో (పెట్టె అడుగు పళ్లెంలో) గడ్డకట్టి, పొర మీద పొర పెరిగి, ఒకరోజు ఫ్యాన్ రెక్కకు తగులుతుంది. అందుకని అడుగు రంధ్రాలకు డ్రెయిన్ పైపు బిగించకండి, పైపులోనే గడ్డకడుతుంది. బేస్ పాన్ హీటర్ ఉన్నదే ఎంచండి. స్టాండు ఆ ఊళ్లో పడే మంచు కంటే ఎత్తుండాలి, తక్కువలో తక్కువ 30-60 సెంటీమీటర్లు. చూరు నీళ్లు పడేచోట పెట్టొద్దు.

కరెంటు చాలాసేపు పోయి వస్తే వెంటనే స్టార్ట్ చేయకూడదు. చలికి గ్యాస్ ఆయిల్‌లో కలిసిపోయి ఉంటుంది. ఆ ఆయిల్‌ని వెచ్చగా ఉంచే క్రాంక్‌కేస్ హీటర్‌కి మాన్యువల్ చెప్పినన్ని గంటలు సప్లై ఇచ్చాకే కంప్రెసర్ ఆన్ చేయాలి.

ప్రశ్న: నెల్లూరు దగ్గర హాస్టల్‌కి రోజూ 1,000 లీటర్ల వేడినీళ్లు కావాలి. మన వేడికి హీట్ పంపు దండగేనా?
- ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: దండగ కాదు, మన గాలి వెచ్చన దానికి మేలే. 28 డిగ్రీల నీళ్లు 55కి తేవడానికి గీజర్లయితే 31 యూనిట్లు, హీట్ పంపు అయితే 9 చుట్టూ. ఆరు గంటల్లో కాగాలంటే 5 కిలోవాట్లకు పైగా వేడి ఇచ్చే మెషీన్ తీసుకోండి. మూసిన గదిలో పెట్టకండి, అది వదిలే చల్లగాలినే మళ్లీ పీలుస్తుంది. అన్నిటికంటే మీ బోరు నీళ్ల గట్టిదనం ముందు కొలిపించండి. కాయిల్ మీద సున్నం కడితే ఆ 9 యూనిట్లు ఇంకా పెరుగుతాయి. గట్టి నీళ్లయితే సాఫ్ట్‌నర్ (గట్టిదనం తగ్గించే పరికరం) పెట్టి, ట్యాంకుకు బదులు తాను తుప్పు పట్టే మెగ్నీషియం కడ్డీని ఏటా విప్పి చూడండి. సగానికి పైగా తినేసి ఉంటే మార్చేయాలి.