పిల్లలతో తిరుపతి శివారులో కాపురం ఎలా ఉంటుంది?

తిరుచానూరు, అవిలాల వైపు ఇల్లు తీసుకుంటే పిల్లలున్నవాళ్లకు బాగానే ఉంటుంది. పై చదువులకు ఊరు దాటక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచీ ఇక్కడే ఉన్నాయి. ఆసుపత్రికైతే రుయా, స్విమ్స్. సెలవు రోజు జూపార్కుకో కపిలతీర్థానికో వెళ్లొచ్చు. వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతం చూడాల్సిందే.

అసలు టెన్షన్ రద్దీతోనే. బ్రహ్మోత్సవాలప్పుడు ఊరంతా యాత్రికులే. తిరుచానూరులోనైతే కార్తీకంలో పద్మావతి అమ్మవారి పంచమీతీర్థం ఉత్సవం రోజు బండి బయటికి తీయకపోవడమే మేలు (ప్రసాదం మాత్రం ఎవరో ఒకరు ఇంటికే తెచ్చిస్తారు).

2021 నవంబరు వరదల్లో పల్లపు కాలనీలు మునిగాయి. కాబట్టి అద్దెకైనా సరే, వాన నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఎండాకాలం బోరు సంగతి కూడా అడగండి.