ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. పోయిన నెల వెయ్యి రూపాయలు పెట్టి నీతికథల సెట్ కొన్నాను. రెండు పేజీలు చదివి పక్కన పడేశాడు. వాడికి ఎలాంటి పుస్తకాలు ఇవ్వాలి?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, మీ బాబుది బద్ధకం కాదు. అలాంటి సెట్లు చాలా చూశాను. పేజీ నిండా చిన్న అక్షరాలు, మూలన ఒక బొమ్మ, చివర గళ్లలో నీతి. గుణింతం దాకా పిల్లలు బాగానే వస్తారు, ఒత్తుల దగ్గర ఆగిపోతారు. ‘కాకి గూడు కడుతోంది’ అని గడగడా చదివినవాడే ‘ఆశ్చర్యపోయింది’ దగ్గర తడబడతాడు. అలాంటివి పేజీకి పది వస్తే పుస్తకం మూసేయక ఏం చేస్తాడు?

పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, పేజీ అంతా బొమ్మ ఉన్నవి చూడండి. షాపులోనే ఒక పేజీ చదివించండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ మడిస్తే, అది ఇప్పటికి మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం. మీరు కూడా ఒక పేజీ పైకి చదివి చూసుకోండి. కొన్ని అనువాదాల్లో మనం ఇంట్లో ఎప్పుడూ అనని తెలుగు ఉంటుంది.

నేను ముప్ఫై ఏళ్లు ప్రాథమిక బడుల్లో పనిచేశాను. ఒకచోట కథల పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉండేవి, చిరిగితే లెక్క చెప్పాలన్న భయంతో. వరండా స్తంభాలకి తాడు కట్టి, బట్టలారేసినట్టు వేలాడదీశాం. అట్ట కనపడితేనే కదా చెయ్యి వెళ్లేది! మూడో తరగతి పిల్ల ఒకతి రోజూ మేకపిల్ల పుస్తకమే తీసేది. వేరేది తీసుకోమని రెండుసార్లు చెప్పాను. తప్పు నాదే. నెల తిరిగేసరికి ఒకటో తరగతి తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, మాట మాటకీ వేలు పెట్టి చదివి చూపిస్తోంది. మేక ‘మే’ అన్నచోట తను ఆగి, వాడి చేత అనిపించేది. అప్పటి నుంచి ఏ పిల్లకీ చదివిందే చదువుతున్నావేమని అనలేదు.

చదవగానే ప్రశ్నలు వేయకండి. ‘ఇందులో నీతి ఏమిటి?’ అనగానే కథ కాస్తా పరీక్ష అయిపోతుంది, వాడికి టెన్షన్. వాడే ఏదైనా చెబితే వినండి.

ముందే డబ్బు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో 2015 నుంచి బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, తెలుగులోనూ. చదివే శక్తిని బట్టి నాలుగు స్థాయిలుగా పెట్టారు. మీ వాడికి మూడో తరగతి అని మూడో స్థాయి తీయకండి, మొదటిదే తీయండి. వాడికి నచ్చినవేవో తెలిశాక, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవో, సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవో కొనండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లి, ఒక్క పుస్తకమైనా పూర్తిగా వాడి ఇష్టానికి వదిలేయండి, అది మీకు నచ్చకపోయినా సరే.

ఆ సెట్‌ను మాత్రం పారేయకండి. రాత్రి పడుకునేముందు అందులోంచి ఒక కథ మీరే చదివి వినిపించండి. చివరి గళ్లలోది వదిలేయండి.