అన్నీ ఉన్న ఇంటి ఆఫీసుకు ఇంకేం కావాలి?

మంచి కుర్చీ, పెద్ద మానిటర్, ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంటి ఆఫీసుకు ఇంకా ఏది కొంటే ఉపయోగమని అడిగారు కనుక, నేను మొదట చెప్పేది రౌటర్‌కు చిన్న డీసీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రౌటర్‌ను ఆగకుండా నడిపే బ్యాటరీ పెట్టె. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి అది అందుకునే రెప్పపాటులో రౌటర్ ఆగిపోతే, మళ్లీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. ఆలోగా మీటింగులో మన మాట తెగిపోతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీది అంకెలు చదవండి: 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే, యూపీఎస్ వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె రౌటర్‌కు వేరుగా ఉంటే దానికీ ఈ ఏర్పాటు చేయాలి, లేకుంటే రౌటర్ దీపాలు వెలుగుతున్నా నెట్ రాదు. ఇక కిటికీ మీ వీపు వైపు ఉంటే, తెర మీద వెలుగు పడకుండా బల్లను పక్కకు తిప్పండి. దీనికి ఖర్చే లేదు.