గేరు జారుతోంది, లోన్ తీసుకోమంటారా?

ప్రశ్న: నా ఆటోమేటిక్ కారుకు 13 ఏళ్లు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది కానీ వేగం అందుకోవడం లేదు. గేరుబాక్సు మొత్తం మార్చాలని మెకానిక్ అన్నారు. చేతిలో పొదుపు లేదు. పర్సనల్ లోన్ తీసుకోనా, క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకోనా?

జవాబు: రెండూ వద్దు. ఏం పాడైందో తేలకముందే అప్పు కోసం వెతకడం చాలామంది చేసే తప్పు. అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

మెకానిక్ ఏం చూసి ఆ మాట అన్నారో అడిగారా? ముందు చూడాల్సింది గేరుబాక్సులో ఉండే ట్రాన్స్‌మిషన్ ఆయిల్. అది ఇంజిన్ ఆయిల్‌లా కాలి తగ్గేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆయిల్ తగ్గితే ప్రెషర్ చాలక లోపలి క్లచ్‌లు పట్టు తప్పి జారతాయి. అంతవరకే అయితే సీల్ మార్చి, ఆ బండికి చెప్పిన రకం ఆయిలే పోస్తే సరిపోవచ్చు. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తూ, కింద పాన్‌లో లోహపు రజను కూడా బాగా కనిపిస్తే మాత్రం లోపలి భాగాలు అరిగినట్టే, ఖర్చు పెద్దదే. గేరుబాక్సులో ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించే సోలినాయిడ్, వాల్వ్ బాడీ లోపాలైతే చాలాసార్లు గేరుబాక్సు మొత్తం మార్చకుండానే బాగవుతాయి. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0730 కోడ్ వచ్చినా, గేరు నిష్పత్తి తప్పుతోందనే దాని అర్థం. ఏ భాగం పోయిందో అది చెప్పదు. కాబట్టి ప్రెషర్ టెస్ట్ కూడా చేయించి, ఆటోమేటిక్ గేరుబాక్సులు విప్పి బాగుచేసే మరో వర్క్‌షాపులో అంచనా రాయించుకోండి. అప్పటిదాకా బండి తీయకండి. జారే క్లచ్ ఆ వేడికే ఇంకా మాడిపోతుంది.

రిపేరు ఖర్చు కారు అమ్మకం ధరలో సగం దాటితే, లోపం దాచకుండా చెప్పి అమ్మేయండి. మామూలు మోటారు బీమా అరుగుదలకు డబ్బివ్వదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇక మీ ఉత్తరంలో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది "చేతిలో పొదుపు లేదు" అన్న మాట. 13 ఏళ్ల బండి ఏదో ఒకరోజు ఆగుతుందని తెలిసిందే కదా! ఈసారి కారు కాబట్టి పక్కన పెట్టగలరు. రేపు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే? ఉద్యోగం పోతే? మూడేళ్లు నడుస్తుందో లేదో తెలియని బండికి మూడేళ్ల వాయిదాలు మోస్తూ అప్పుడేం చేస్తారు? క్రెడిట్ కార్డు వడ్డీ అయితే మరీ దారుణం, దాని జోలికే పోకండి.

లోన్ తీసుకుంటే నెలకు ఎంత కట్టగలరో ఈపాటికి లెక్కేసుకునే ఉంటారు. జీతం పడిన రోజే సరిగ్గా అంత మొత్తం వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి. రిపేరు డబ్బు అందులోంచే తీయండి. తర్వాత కూడా ఆపకండి, ఆరు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా.