వ్యోమనౌకలో టాయిలెట్ చేయబోయే మా అమ్మాయికి

అమ్మలూ,

నిన్ను వ్యోమనౌక టాయిలెట్ డిజైన్ చేసే టీమ్‌లో వేశారని, ఆ మాట ఫ్రెండ్స్‌కి చెప్పాలంటే మొహమాటంగా ఉందని రాశావు. ఆ మొహమాటం ముందు వదిలెయ్. ఒకటికి, రెంటికి వెళ్లడం గురించి మీటింగ్‌లో నువ్వే నోరు విప్పలేకపోతే వ్యోమగాములు అసలే చెప్పరు, ఇబ్బంది ఎక్కడుందో నీకు తెలియదు.

ఇన్నేళ్లు లైఫ్ సపోర్ట్ (వ్యోమనౌకలో మనిషి బతకడానికి కావాల్సిన గాలి, నీళ్ల ఏర్పాట్లు) పని చేసినవాడిగా చెబుతున్నా, నీ మొదటి శ్రద్ధ ఫ్యాన్ మీద పెట్టు. అక్కడ ఏదీ కిందికి పడదు, మూత్రాన్ని గొట్టంలోకీ మలాన్ని సంచిలోకీ లాక్కెళ్లాల్సింది గాలే. 2021లో స్పేస్‌ఎక్స్ వాళ్ల ఇన్‌స్పిరేషన్‌4 అంతరిక్ష యాత్రలో గొట్టం ఊడి మూత్రం ఫ్యాన్ ఉన్న భాగంలోకే చేరింది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో యాత్రల కాలంలో ఆ ఫ్యాన్ కూడా లేదు. సంచిని ఒంటికి అతికించుకుని, పనయ్యాక క్రిమిసంహారక మందు వేసి చేత్తో పిసికి కలపాలి. 1969లో అపోలో 10 క్యాబిన్‌లో మలం ముక్క గాల్లో తేలింది కూడా.

అంత ఇబ్బందైతే మనిషి తిండీ నీళ్లూ తగ్గించేస్తాడు, నా భయమంతా అదే. అపోలో 13లో నీళ్లకి కొరత వచ్చి రోజుకి తలా 200 మిల్లీలీటర్లతో సరిపెట్టుకున్నారు, వాళ్లలో ఒకడైన ఫ్రెడ్ హేయిస్‌కి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో దిగాడు. నీ టాయిలెట్‌కి భయపడి నీళ్లు మానేసినా ఒంటికి జరిగేది అదే. పైగా అక్కడ మూత్రం మూత్రాశయం అడుగుకి చేరదు కాబట్టి దాదాపు నిండేదాకా వెళ్లాలనే అనిపించదు, గడియారం చూసుకుని వెళ్లడం ట్రైనింగ్‌లోనే అలవాటు చేయించండి.

మూత్రం నుంచి నీళ్లు తీసే యంత్రం కూడా మీదే అయితే, పరీక్షకి మామూలు మూత్రం చాలదు. అక్కడ ఎముకలు అరిగి మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. స్పేస్ స్టేషన్ యంత్రంలో 2009 ప్రాంతంలో కాల్షియం సల్ఫేట్ పేరుకుపోయి అడ్డుపడింది, తర్వాత మూత్రంలో కలిపే సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసేసి ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారారు. నువ్వు ముందే కాల్షియం కలిపి చూడు.

ఇక మూత్రం పట్టే గరాటా. 2020లో స్టేషన్‌కి పంపిన కొత్త టాయిలెట్‌లో గరాటా, సీటు ఆకారాలు మార్చింది ఆడ వ్యోమగాములు చెప్పినదాన్ని బట్టే. వాళ్లకి రెండూ ఒకేసారి వాడుకునే వీలుండాలి. నువ్వు కూడా ముందు చవకలో ఒక నమూనా చేసి, మీ ఆఫీసులో పొట్టి, పొడుగు, లావు, సన్నం ఆడవాళ్లందర్నీ కూర్చోమని అడుగు, డ్రాయింగ్‌లో కొలతలు ఆ తర్వాత వెయ్.

మీ పెదనాన్న