స్కాన్ రిపోర్టు ఎందుకు ఆలస్యం?

ప్రశ్న: ప్రభుత్వ బోధనాసుపత్రిలో మా అమ్మకు సీటీ స్కాన్ తీసి, రిపోర్టు మర్నాడు ఇచ్చారు. కార్పొరేట్ ఆసుపత్రిలో మా బంధువుకు రెండు గంటల్లో ఇచ్చారు. స్కాన్లు చూసి రిపోర్టు రాసే ప్రభుత్వ రేడియాలజిస్టులు తక్కువ పని చేస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేదమ్మా. రెండు చోట్లా పనిచేశాను కనుక గట్టిగానే చెబుతున్నాను. బోధనాసుపత్రిలో ఓపీ మొదలైతే అల్ట్రాసౌండ్ గది ముందు వరుస తరగదు. మన దగ్గర ఆ పరీక్ష డాక్టరే స్వయంగా చేయాలి. గర్భిణి అయితే 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ అనే వివరాల పత్రం కూడా నింపాలి. మధ్యలో క్యాజువాలిటీ నుంచి తలకు దెబ్బ తగిలిన మనిషి వస్తే, ముందు అతని సీటీనే చూడాలి. పీజీ విద్యార్థి రాసిన రిపోర్టును మొదటి నుంచి చూసి దిద్దాలి, ఎందుకు దిద్దామో చెప్పాలి. ఈ శ్రమ ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

కార్పొరేట్‌లో ఒత్తిడి గడియారంతో. రాత్రి స్కాన్లను టెలీరేడియాలజీ ద్వారా వేరే ఊరి డాక్టరుకు పంపే వీలు కొన్నిచోట్ల ఉంది.

కేసుల సంఖ్యతో డాక్టరును తూచడం అన్యాయం. ఛాతీ ఎక్స్‌రే అంటే ఒకటి రెండు చిత్రాలు. క్యాన్సర్ రోగి సీటీలో వందలుంటాయి, పాత స్కాన్‌తో పోల్చి గడ్డను కొలవాలి. అమెరికాలో ఒక్కో పరీక్షకు వేరే విలువ కట్టి పనిని లెక్కిస్తారు; అందులోనూ బోధనకు చోటు దొరకడం కష్టమే.

ఈసారి అమ్మగారి పాత స్కాన్ల సీడీ తీసుకెళ్లండి. వైద్యుడి అనుమానం ఏమిటో చీటీలో రాయించండి. రిపోర్టు రాసేవారికి అది చాలా ఉపయోగం.